"కొంచెం తగ్గించి పంపడమే కదా" అన్నారు: ఒక 5.1 టీవీ మిక్స్‌కి పట్టిన 47 రోజులు

నవంబరు 18 సాయంత్రం ఫోన్ వచ్చింది. సినిమా పోస్ట్ ప్రొడక్షన్ చూసుకునే ఆయన. "అన్నా, సంక్రాంతికి మన సినిమా టీవీలో వేస్తారంట. ఫైల్స్ ఇవ్వాలి. థియేటర్ మిక్స్ ఉంది కదా, దాన్నే కొంచెం తగ్గించి పంపడమే. మూడు రోజుల పని. ఎంత చెప్పమంటావ్?"

45 వేలు అన్నాను. ఆయన బేరం ఆడలేదు. బేరం ఆడనప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నేను కృష్ణానగర్‌లో చిన్న గదిలో పని చేస్తాను. డబ్బింగ్ ఎడిటింగ్, షార్ట్ ఫిల్ములు, యాడ్స్ మిక్స్ చేస్తుంటాను. సినిమాల ఫైనల్ మిక్స్‌లో అసిస్టెంటుగా కూర్చున్నాను గానీ, శాటిలైట్ ఛానెల్‌కి 5.1 (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ విడివిడిగా వెళ్లే ఆరు ఛానెళ్ల శబ్దం) ఇచ్చే పని సొంతంగా చెయ్యడం ఇదే మొదటిసారి. ఈ సినిమా థియేటర్ మిక్స్ నేను చేసింది కాదు. అది వేరే పెద్ద స్టూడియోలో అయింది. నా చేతికి వచ్చింది నవంబరు 20న ఒక హార్డ్ డిస్క్, అందులో ప్రింట్‌మాస్టర్. అంటే అన్నీ కలిసిపోయిన ఆరు ఛానెళ్లు. మాటలు విడిగా, సంగీతం విడిగా, ఎఫెక్ట్స్ విడిగా ఉండే స్టెమ్స్ అందులో లేవు. తగ్గించడమే కదా, స్టెమ్స్ దేనికి అనుకున్నాను.

ఛానెల్ వాళ్ల స్పెసిఫికేషన్ కాగితం మూడుసార్లు అడిగితే నవంబరు 24న వాట్సాప్‌లో వచ్చింది. పదకొండు పేజీలు. చదువుతుంటే మూడు రోజుల పని అన్న మాట మెల్లగా ఆవిరైపోయింది. 5.1 విడిగా, స్టీరియో విడిగా, హిందీ డబ్బింగ్ కోసం మాటలు లేని ఎం అండ్ ఈ (సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రమే) విడిగా కావాలి. అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. సినిమా మొత్తం సగటు లౌడ్‌నెస్ మైనస్ 24 ఎల్‌కేఎఫ్‌ఎస్ ఉండాలి, అటూ ఇటూ 2 దాకా ఊరుకుంటారు. (ఎల్‌కేఎఫ్‌ఎస్ అన్నా ఎల్‌యూఎఫ్‌ఎస్ అన్నా కొలత ఒకటే. ఈ రెండు పేర్ల వల్ల నేను అరగంట కంగారు పడ్డాను.) ట్రూ పీక్, అంటే శబ్దం క్షణకాలం ఎగిసే గరిష్ఠ ఎత్తు, మైనస్ 2 దాటకూడదు. అంకెలు చూడగానే అర్థమైంది, అమెరికా ఏ/85 పద్ధతిని ఎత్తి రాసుకున్నారని. యూరప్ పద్ధతి ఆర్ 128 అయితే మైనస్ 23 అడిగేవాళ్లు.

ఇంకో మెలిక. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీ 25. ఛానెల్‌కి ఇచ్చే వీడియోని ఎడిటర్ 25కి వేగం పెంచి ఇచ్చేశాడు. 148 నిమిషాల సినిమా 142 నిమిషాలైంది. ఆడియోని కూడా అంతే లాగాలి. ఊరికే లాగితే శ్రుతి అర్ధస్వరంలో ముప్పావు వంతు కన్నా కాస్త తక్కువ పైకి పోతుంది. హీరో గొంతు పల్చబడుతుంది, పాట వేరే శ్రుతిలో వినబడుతుంది. శ్రుతి సరిచేసే టూల్‌తో చేశాను. రెండో పాటలో నాదస్వరం సాగదీసే చోట కొంచెం వణికింది. నాలుగు సెట్టింగులు మార్చి చూసి, ఒక రాత్రి మొత్తం దానికే పోయింది.

తర్వాత కొలిచాను. లౌడ్‌నెస్ మీటర్ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఉచితంగా ఉంది, 5.1 కూడా కొలుస్తుంది. మొత్తం సినిమా మైనస్ 19.8 వచ్చింది. మాస్ సినిమా, ఎనిమిది ఫైట్లు, అంత ఉండటంలో వింత లేదు. 4.3 తగ్గించాను. మైనస్ 24.1. పీక్ కూడా దానంతట అదే దిగిపోయింది. నవంబరు 27 రాత్రి అప్‌లోడ్ పెట్టాను. ఒక్క 5.1 ఫైలే 7.4 జీబీ ఉంటుంది. మా కాలనీలో కరెంటు పోయి రెండుసార్లు మళ్లీ మొదట్నుంచి పెట్టాల్సి వచ్చింది. తెల్లారి ఐదింటికి అయింది. ఇన్వాయిస్ కూడా టైపు చేసి పెట్టుకున్నాను.

ఐదు రోజులు చడీచప్పుడు లేదు.

డిసెంబరు 2న ఛానెల్ వాళ్ల క్యూసీ (నాణ్యత తనిఖీ) రిపోర్టు వచ్చింది. ఎర్ర రంగులో రిజెక్టెడ్. లౌడ్‌నెస్ మైనస్ 21.5 అని రాశారు. నా దగ్గర మైనస్ 24.1! మళ్లీ కొలిచాను, ఇంకో మీటరుతో కొలిచాను, ఫ్రెండ్ కంప్యూటర్లో కొలిపించాను. అందరికీ 24.1. ఇంక వాళ్ల మీటరే తప్పు అని నిర్ణయించుకుని, స్క్రీన్‌షాట్లతో పెద్ద మెయిల్ పెట్టాను. ఇప్పుడు ఆ మెయిల్ తల్చుకుంటే సిగ్గేస్తుంది. భాష కూడా కాస్త పొగరుగానే ఉంది. రెండు రోజులు ఆ వాదనలోనే గడిచాయి.

వాళ్ల రిపోర్టులో లౌడ్‌నెస్ కింద ఇంకో ముక్క ఉంది. దాన్ని నేను పట్టించుకోలేదు. "డైలాగ్ కుడి ముందు స్పీకర్లో వస్తోంది." డిసెంబరు 4 రాత్రి అన్నం తింటూ ఆ వాక్యం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

సినిమావాళ్లు ఆరు ఛానెళ్లను పెట్టే వరస వేరు: ఎడమ, సెంటర్, కుడి, ఎడమ సరౌండ్, కుడి సరౌండ్, చివర ఎల్‌ఎఫ్‌ఈ (సరౌండ్ అంటే వెనక స్పీకర్లు, ఎల్‌ఎఫ్‌ఈ అంటే సబ్‌వూఫర్‌కి వెళ్లే అడుగు శబ్దాలు). టీవీవాళ్ల వరస: ఎడమ, కుడి, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ, ఎడమ సరౌండ్, కుడి సరౌండ్. డిస్కులో వచ్చిన వరసలోనే నేను పంపాను. నా సాఫ్ట్‌వేర్‌లో సినిమా వరస పెట్టుకున్నాను కాబట్టి నాకు అన్నీ సరిగ్గా కొలిచింది. వాళ్ల దగ్గర మాటలు కుడివైపు పోయాయి, ఎడమ సరౌండ్ వెళ్లి సబ్‌వూఫర్లో పడింది, ఎల్‌ఎఫ్‌ఈలో ఉండాల్సిన గుద్దులన్నీ కుడి సరౌండ్‌లో మోగాయి. లౌడ్‌నెస్ కొలతలో ఎల్‌ఎఫ్‌ఈని అసలు లెక్కపెట్టరు. సరౌండ్లను మాత్రం ఒకటిన్నర డెసిబెల్స్ ఎక్కువేసి లెక్కపెడతారు. లెక్కలోకి రాకూడని ఫైట్ల గుద్దులు అలా ఎక్కువ వడ్డీతో లెక్కలోకి ఎక్కాయి. అదీ ఆ రెండున్నర తేడా. వాళ్ల మీటర్ శుభ్రంగా పనిచేస్తోంది. క్షమాపణ మెయిల్ రెండు లైన్లలో ముగించాను.

అదే రిపోర్టులో మూడో అభ్యంతరం నాకు నవ్వూ ఏడుపూ రెండూ తెప్పించింది. టీవీ వెర్షన్‌కి సెన్సారులో కొన్ని బూతుమాటలు మ్యూట్ చెయ్యమన్నారు. ఎడిటర్ సెంటర్ ఛానెల్లో ఆ మాటలు మ్యూట్ చేసి ఇచ్చాడు. కానీ విలన్ ఆ తిట్టు తిట్టేది పాడుబడ్డ గోడౌన్లో. థియేటర్ మిక్స్‌లో ఆ గొంతుకి ఇచ్చిన రివర్బ్ (గోడలకి తగిలి మారుమోగే శబ్దం) అంతా సరౌండ్లలో ఉంది. ముందు స్పీకర్లో నిశ్శబ్దం, వెనక స్పీకర్లలోంచి దెయ్యం తిట్టినట్టు ఆ మాట స్పష్టంగా వస్తోంది. మ్యూట్ చెయ్యకముందు కన్నా ఇప్పుడే ఎక్కువ వినబడుతోంది! అన్ని ఛానెళ్లలో కోసి, ఆ ఖాళీలో గోడౌన్ గాలి చప్పుడు వేరే చోట్నుంచి తెచ్చి అతికించాను. అలాంటివి తొమ్మిది చోట్ల.

డిసెంబరు 5న రెండోసారి పంపాను. మర్నాడు మా పిన్ని కూతురి నిశ్చితార్థానికి తెనాలి వెళ్లాను. 8వ తేదీ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా మెసేజ్: ఆటోమేటిక్ క్యూసీ పాస్. ఇంక మనిషి కూర్చుని చూసే మాన్యువల్ క్యూసీ ఒక్కటే మిగిలింది. ఆ రోజు రెండు లడ్డూలు ఎక్కువ తిన్నాను.

రాత్రి తెనాలిలో మా ఇంటికొచ్చాక సరదాకి స్టీరియో ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి మా టీవీకి పెట్టాను. అమ్మకి చూపిద్దామని. మాది గోడకి తగిలించిన 43 అంగుళాల టీవీ. స్పీకర్లు వెనక్కో కిందికో ఎటో చూస్తుంటాయి. పైన ఫ్యాన్ తిరుగుతోంది, పక్క వాటాలో ఎవరో కుక్కర్ పెట్టారు. అమ్మ చేతిలో రిమోట్.

టైటిల్స్ మోతకి 14కి తగ్గించింది. ఇంట్లో మాటలు మొదలవగానే 26కి పెంచింది. తలుపు బద్దలుకొట్టుకుని రౌడీలు వచ్చేసరికి "అబ్బా" అని మళ్లీ తగ్గించింది. నేను సినిమా చూడటం మానేసి ఆమె బొటనవేలే చూస్తూ కూర్చున్నాను. మొదటి అరగంటలో పదకొండుసార్లు మార్చింది. తండ్రీకొడుకులు చీకట్లో మెల్లగా మాట్లాడుకునే సీను వచ్చింది. సినిమాకి ప్రాణం అదే.

"ఏమంటున్నాడ్రా?" అంది.

"వినబడుతోంది కదమ్మా, ఇల్లు అమ్మేద్దాం అంటున్నాడు."

"నువ్వు వందసార్లు విన్నావు గనక నీకు వినబడుతోంది నాన్నా. ఫస్టుసారి చూసేదానికి నాకెట్లా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మాట తర్వాతి మూడు వారాలు నన్ను వదల్లేదు.

రెండో సగంలో జాతర సీను. థియేటర్లో సీట్లు ఊగిపోయిన సీను అది. టీవీలో డప్పులు చిటికెలు వేసినట్టు టకటకమంటున్నాయి. ఎందుకో అప్పుడు తెలిసింది. 5.1ని స్టీరియోగా కలిపేటప్పుడు సెంటర్‌నీ సరౌండ్లనూ మూడేసి డెసిబెల్స్ తగ్గించి ఎడమకుడుల్లో కలుపుతారు, ఎల్‌ఎఫ్‌ఈని మాత్రం పారేస్తారు. ఆ డప్పుల బరువంతా థియేటర్ మిక్స్‌లో ఎల్‌ఎఫ్‌ఈలోనే పెట్టారు. థియేటర్‌కి అది తప్పు కాదు. మా తెనాలి టీవీకి మాత్రం దరువు లేని జాతరే మిగిలింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీటర్ పాస్ చేసింది. నేను నోరు మూసుకుంటే పని అయిపోయినట్టే, డబ్బులొస్తాయి. లాప్‌టాప్ తీసి ఆ తండ్రీకొడుకుల సీను విడిగా కొలిచాను. మైనస్ 38! మొత్తం సగటు కన్నా పది డెసిబెల్స్‌కి మించి కిందున్న శబ్దాన్ని ఈ కొలత అసలు లెక్కలోకి తీసుకోదు, గేట్ వేసి బయట నిలబెడుతుంది. నిశ్శబ్దాల్ని అడ్డం పెట్టుకుని ఎవరూ సగటు తగ్గించుకోకుండా పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. కానీ దానివల్ల మైనస్ 24 అని నేను మురిసిపోయిన అంకెలో ఆ సీను లేనే లేదు. అది ఫైట్లదీ పాటలదీ సగటు.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు నలిగాను. 10వ తేదీ ఉదయం హైదరాబాద్‌లో రైలు దిగేసరికి మాన్యువల్ క్యూసీ రిపోర్టు వచ్చి ఉంది. రిజెక్టెడ్. 14 టైమ్‌కోడ్లు (సినిమాలో ఫలానా చోటు అని చూపే సమయాలు), వాటిలో పదింటికి ఒకటే రిమార్కు: మాటలు అర్థం కావడం లేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. నా బదులు వాళ్లే చెప్పారు.

ఇక స్టెమ్స్ లేకుండా కుదరదు. ప్రింట్‌మాస్టర్‌లో మాటలు పెంచుదామంటే సెంటర్‌లో మాటలతోపాటు అడుగుల చప్పుడూ కొంత సంగీతమూ ఉన్నాయి. అన్నీ కలిసి పెరుగుతాయి. స్టెమ్స్ మిక్స్ చేసిన స్టూడియో దగ్గర ఉన్నాయి, వాళ్లకి నిర్మాత ఇంకా బాకీ ఉన్నాడు. "బాకీ తీరిస్తే డిస్క్ ఇస్తాం" అన్నారు. వాళ్లు అన్నదీ న్యాయమే. నేను వాళ్లకీ వీళ్లకీ మధ్య ఏడు రోజులు ఫోన్లు చేశాను. ఈ ఏడు రోజులే మొత్తంలో నన్ను ఎక్కువ అలసిపోయేలా చేశాయి, పని చేసిన రోజులు కాదు. డిసెంబరు 17 సాయంత్రం డిస్క్ వచ్చింది. ఎవరైనా ఇలాంటి పని ఒప్పుకుంటుంటే, రేటు చెప్పేముందు స్టెమ్స్ ఎవరి దగ్గరున్నాయో, వాళ్లకి బాకీ ఉందో లేదో కనుక్కోండి.

నా గదిలో 5.1 స్పీకర్లు లేవు. యూసుఫ్‌గూడలో తెలిసినవాళ్ల 5.1 గది రోజుకి 7 వేలకి అద్దెకి తీసుకున్నాను, డిసెంబరు 18 నుంచి ఆరు రోజులు. 12 అడుగుల వెడల్పు, 15 పొడవు, 10 ఎత్తు. మొదటి పూట అంతా స్పీకర్లు సెట్ చెయ్యడానికే సరిపోయింది. సినిమా థియేటర్ని ఒక్కో ముందు స్పీకర్‌కి 85 డెసిబెల్స్ లెక్కన సెట్ చేస్తారు. చిన్న గదిలో అంత పెడితే చెవులు అలసిపోతాయి, తెలియకుండానే మాటలు తగ్గించేస్తాం. ఏ/85లో గది ఘనపరిమాణాన్ని బట్టి పట్టిక ఉంది: 1500 నుంచి 5000 ఘనపుటడుగుల మధ్య గదికి 76. మాది 1800. 76కి సెట్ చేసి అదే ప్రింట్‌మాస్టర్ వేస్తే మొదటి నిమిషంలోనే అమ్మ బాధ నాకు అర్థమైంది. గదిలో నా చెయ్యి కూడా వాల్యూమ్ నాబ్ మీదికి పోయింది.

పని వరస మార్చేశాను. ముందు మాటలొక్కటే. సంగీతం, ఎఫెక్ట్స్ ఆపేసి సినిమా మొత్తం మాటల స్టెమ్‌ని మైనస్ 25 చుట్టుపక్కలకి చేత్తో సరిచేశాను. గుసగుస గుసగుసలాగే ఉండాలి గానీ వినబడాలి. హెచ్చుతగ్గుల్ని తనంతట తనే సమం చేసే కంప్రెసర్ మీద వదిలేస్తే ఊపిరి చప్పుళ్లు పైకి లేచాయి, అందుకని లైను లైనుకీ ఫేడర్ కదిపాను. దీనికే రెండున్నర రోజులు. తర్వాత దాని చుట్టూ సంగీతం, ఎఫెక్ట్స్ తెచ్చి కూర్చోబెట్టాను. ఫైట్లు ఆరేడు డెసిబెల్స్ దిగాయి. వినడానికి మాత్రం అంత దిగినట్టు లేవు, ఎందుకంటే మాటలకీ వాటికీ మధ్య అగాధం తగ్గింది గానీ ఎగుడుదిగుడు పోలేదు.

సరౌండ్లలో జనం కేకలు, వాన రెండు మూడు డెసిబెల్స్ తగ్గించాను. ఇంట్లో వెనక స్పీకర్ సోఫా చెవి పక్కనే ఉంటుంది. పైగా సరౌండ్‌లో పెట్టిన ప్రతి చప్పుడూ మీటర్లో ఒకటిన్నర ఎక్కువ తింటుంది, ఆ జాగా మాటలకి ఇస్తే మంచిది. జాతర డప్పుల్లో అడుగు శబ్దాన్ని ఎల్‌ఎఫ్‌ఈ నుంచి తీసి ఎడమ కుడి ముందు స్పీకర్లలోకి కూడా వేశాను. చిన్న టీవీ స్పీకర్ 50 హెర్ట్జ్ ఎలాగూ పలకదు కాబట్టి 150 దగ్గర డప్పు చర్మం చప్పుడు కాస్త పెంచాను. దరువు వచ్చింది.

ఇక అమ్మ అన్న మాట. నాకు డైలాగులన్నీ కంఠతా వచ్చేశాయి, నా చెవి ఇక దేనికీ పనికిరాదు. అద్దె గది దగ్గర కేబుల్స్ సర్దే అసిస్టెంట్ కుర్రాడు ఆ సినిమా చూడలేదన్నాడు. రోజుకి 1500 ఇస్తానని పక్కన కూర్చోబెట్టి, కాగితం పెన్ను ఇచ్చి, వినబడిన డైలాగ్ రాయమన్నాను. అర్థం కానిచోట గీత పెట్టమన్నాను. ఫ్యాన్ శబ్దం కోసం గదిలో ఒక టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టించాను, గది ఓనరు వింతగా చూశాడు. మొదటి రోజు అతను 23 గీతలు పెట్టాడు. నేను అవన్నీ స్పష్టంగా ఉన్నాయనుకున్న చోట్లే! ఆరో రోజుకి నాలుగు గీతలు మిగిలాయి. అందులో రెండు నటుడే నమిలేసిన మాటలు, డబ్బింగ్‌లోనే పోయాయి.

ఎం అండ్ ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మాటల స్టెమ్ తీసేస్తే హిందీవాళ్లకి సరిపోతుందనుకున్నాను. ఒకచోట లొకేషన్ సౌండే వాడారు, మాటతోపాటు చెంపదెబ్బ కూడా పోయింది. మా కుర్రాడి చేత తొడ మీద కొట్టించి రికార్డు చేశాం.

డిసెంబరు 24 రాత్రి మొత్తం కొలిస్తే మైనస్ 23.7. ఈసారి అంకె ముందు పెట్టుకుని పని చెయ్యలేదు, చివర్లో చూస్తే దానంతట అదే దగ్గరికి వచ్చి నిలబడింది. 25న పంపాను. వరస మూడుసార్లు చూసుకున్నాను. ఒక్కో ఛానెల్‌ని విడిగా వింటూ కాగితం మీద టిక్కు పెట్టుకున్నాను.

29న మూడో రిజెక్షన్. ఈసారి 5.1 మొత్తం పాస్, స్టీరియో ఫెయిల్. ఒకటి, ట్రూ పీక్ ప్లస్ 0.6. ఆరు ఛానెళ్లలో ఏదీ మైనస్ 2 దాటకపోయినా, మూడు కలిసి ఒకదాంట్లో పడేసరికి దాటిపోయాయి. స్టీరియోకి విడిగా లిమిటర్ (పీక్‌ని హద్దు దాటనివ్వని టూల్) పెట్టాలని నాకు తోచలేదు. అది గంట పని. రెండోది పూర్తిగా నా తెలివితేటల ఫలితం. భక్తి పాటలో కోరస్ వెడల్పుగా రావాలని దాని కాపీని సరౌండ్లలోకి పంపి పోలారిటీ తిప్పాను, అంటే శబ్ద తరంగాన్ని తలకిందులు చేశాను. ఐదు స్పీకర్లలో గుడి మొత్తం పాడుతున్నట్టుంది. స్టీరియోలో కలిసేసరికి ముందుదీ వెనకదీ ఒకదాన్నొకటి తినేసి, కోరస్ దాదాపు పదకొండు డెసిబెల్స్ పడిపోయింది. గుడిలో ఒక్క హీరోయినే మిగిలింది. ఆరు రోజుల్లో స్టీరియో బటన్ నొక్కి ఆ పాట ఒక్కసారి వినుంటే దొరికేది.

31న సరిచేసి పంపాను. ఊరంతా న్యూ ఇయర్ హడావిడిలో ఉంటే నేను అప్‌లోడ్ పర్సెంటేజీ చూస్తూ కూర్చున్నాను. ఛానెల్ ఫారంలో డయల్‌నార్మ్ (ఫైల్లో మాటల లౌడ్‌నెస్ ఎంతో డీకోడర్‌కి చెప్పే అంకె) అని ఒక గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకండి. డాల్బీ ఎన్‌కోడర్లలో మామూలుగా ముందే మైనస్ 27 అని పెట్టి ఉంటుంది. మన ఫైలు మైనస్ 24 అయి, గడిలో 27 ఉండిపోతే ఇంట్లో డీకోడర్ మూడు డెసిబెల్స్ ఎక్కువ వినిపిస్తుంది. నేను 24 అని రాసి, ఫోన్ చేసి కూడా చెప్పాను. అటువైపు అమ్మాయి ఓపిగ్గా "రాసుకున్నాను సార్" అంది. నా పొగరు మెయిల్ చదివింది కూడా ఆమేనని తర్వాత తెలిసింది.

జనవరి 3న మెయిల్ వచ్చింది. ఒక్క పదం, యాక్సెప్టెడ్.

ఖర్చులు: గది 42 వేలు, కుర్రాడికి 9 వేలు, డిస్కులు 6500. మొత్తం 57,500. నేను చెప్పిన రేటు 45 వేలు. స్టెమ్స్ నుంచి మళ్లీ చెయ్యాల్సి వచ్చిందని కూర్చుని వివరిస్తే ఇంకో 30 వేలకి ఒప్పుకున్నారు. అందులో ఇప్పటిదాకా చేతికొచ్చింది పదివేలు. మిగతా ఇరవై కోసం అడిగితే బిల్లులో జీఎస్‌టీ నంబరు తప్పు పడిందని, మార్చి పంపమన్నారు. పంపాను.

పండక్కి తెనాలి వెళ్లాను. సాయంత్రం సినిమా. మా సెట్‌టాప్ బాక్సులోంచి వచ్చేది స్టీరియోనే, 5.1 వినడానికి మా ఇంట్లో ఏమీ లేదు. అమ్మ 20 దగ్గర పెట్టి రిమోట్ ఒళ్లో పెట్టుకుంది. తండ్రీకొడుకుల సీను వచ్చినప్పుడు నేను టీవీ వైపు చూడలేదు. ఆమె అరిసె తింటూ చూస్తోంది, వేలు కదల్లేదు. సీను అవగానే బ్రేక్ ఇచ్చారు. డిటర్జెంట్ ప్రకటన పెళ్లి బ్యాండులాగా మొదలైంది, అమ్మ టక్కున 12కి దించింది. ప్రకటనల మోత మితిమీరకూడదని 1994 కేబుల్ టీవీ రూల్స్‌లోనే రాసుంది. అమెరికాలో అయితే దానికోసం 2010లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. నా 47 రోజుల పనంతా బ్రేక్ దాకానే.

మళ్లీ 20. జాతర వచ్చింది, డప్పులు వచ్చాయి, పక్క వాటా పిల్లాడు గుమ్మంలోకి వచ్చి నిలబడి చూశాడు. క్లైమాక్స్ ముందు విలన్ చచ్చిపోతూ ఒక మాట అంటాడు. మా కుర్రాడు ఆరో రోజు కూడా గీత పెట్టిన నాలుగింటిలో అదొకటి. అమ్మ నా వైపు తిరిగింది.

"ఏమన్నాడ్రా?"

"నీ కొడుకు బతికే ఉన్నాడు అన్నాడమ్మా."

"అవునా" అని మళ్లీ టీవీ వైపు తిరిగింది.